మా బోరు నీళ్లతో కొలిచి చెప్పండి

శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

గాండ్లపెంట నుంచి రాస్తున్నాను. డిగ్రీ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఊళ్లో కొంచెం శెనక్కాయ చేను కూడా ఉంది. నేను అడగబోయేది చేను సంగతే. మరి వ్యవసాయ శాఖకు రాయక నాకెందుకు రాశాడని మీరు అనుకోవచ్చు. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికేది కాదండీ. అది మీ పాలిమర్ శాస్త్ర విభాగంలో, రసాయన చర్యల వేగాలను కొలిచే గతిశాస్త్రం చదివినవాళ్ల చేతుల్లో ఉంది.

మా వైపు ఎరువుల అంగళ్లలో ఇప్పుడు హైడ్రోజెల్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. లోపల తెల్లటి పలుకులు ఉంటాయి. విత్తేటప్పుడు సాలులో వేస్తే వానకు నీళ్లు తాగి ఉబ్బుతాయని, బెట్ట వచ్చినప్పుడు ఆ నీళ్లు వేరుకు అందిస్తాయని చెప్పి అమ్ముతారు. ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో ‘బరువుకు 400 రెట్లు నీరు’ అని రాసి ఉంటుంది. అది అబద్ధమని నేను అనడం లేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్‌కు కూడా శుద్ధమైన నీళ్లలో చెప్పే లెక్క ఇంచుమించు ఇదే. హెక్టారుకు 2.5 నుంచి 5 కిలోలు వేయమంటారు. ఎకరాకు చూస్తే ఒకటి, రెండు కిలోలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మా ఊళ్లో ఈ లెక్క ఎవరికి చెప్పినా మొదట నమ్మరు. రెండు కిలోల జెల్ నిజంగానే 400 రెట్లు తాగితే పట్టి ఉంచేది 800 లీటర్లు. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వచ్చే నీళ్లు 4,000 లీటర్ల పైమాటే. అంటే ఎకరాకు వేసిన జెల్ అంతా కలిసి, కడుపు నిండా తాగినా, పట్టేది మిల్లీమీటరులో ఐదో వంతు వాన. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితేనే మంచి ఏడనుకునే జిల్లాలో అది దుమ్ము కూడా అణగని చినుకు.

ఈ లెక్కతో జెల్ పనికిరాదని తేల్చేయడం తొందరపాటు. అది చేనంతా పరిచేది కాదు, విత్తనం పక్కన సాలులో ఉంటుంది. ఎండుతుంది, మళ్లీ వానొస్తే మళ్లీ తాగుతుంది. ఊడలు దిగే వేళ పది రోజులు మొగం చాటేసిన వాన మధ్యలో, వేరు పక్కన ఆ కాస్త తేమ రెండు రోజులు ఎక్కువ నిలిచినా కాయ కట్టడంలో తేడా రావచ్చు. అయితే ఇంత తక్కువ మోతాదు మీద ఇంత ఆశ పెట్టుకున్నప్పుడు, ఆ రెండు కిలోలు ఎలాంటివి అన్నదే మొత్తం వ్యవహారం. ఎన్ని రెట్లు తాగుతుంది, ఏ నీళ్లను తాగుతుంది, ఎన్నిసార్లు ఎండి తడిసినా పట్టు తప్పకుండా ఉంటుంది? ప్యాకెట్ వీటిలో ఒక్కదానికే జవాబు చెబుతుంది. అదీ మా దగ్గర లేని నీళ్లకు.

ఇంట్లో స్టీలు గ్లాసుల్లో వేసి చూశాను. చెంచాలో పావు వంతు పలుకులు వాననీళ్లలో వేస్తే సాయంత్రానికి గ్లాసు నిండా గాజుముక్కల్లా తేరుకున్నాయి. అవే పలుకులు బోరు నీళ్లలో గ్లాసు అడుగునే ఉండిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. ఈ జెల్ గొలుసుల మీద రుణావేశాలు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి తోసుకోవడంతో, వాటి వెంట ఉన్న సోడియం లాంటి అయాన్లు నీళ్లను లోపలికి లాగడంతో పలుకు ఉబ్బుతుంది. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఒక్కో కాల్షియం అయాను రెండు ఆవేశాలను పట్టి దగ్గరికి కట్టేస్తుంది. ఉబ్బాల్సిన వల ముడుచుకుంటుంది. మూడో ఏడు చదివే పిల్లలకు చెబితే అర్థమయ్యే విషయమే.

నన్ను ఆపింది రెండో గ్లాసు కాదు, రెండో ప్యాకెట్. ఇంకో అంగట్లో కొన్నది. దాని మీదా అదే పేరు, అదే 400 రెట్లు. వాననీళ్లలో మొదటిదానిలాగే ఉబ్బింది కూడా. కానీ వేళ్ల మధ్య పట్టుకుంటే నిలవలేదు, జావై జారిపోయింది. వంచిన నీళ్లను వేళ్లతో రాస్తే జిగురు తగిలింది. అంటే వలకు కట్టుబడని గొలుసులు నీళ్లలోకి వచ్చేస్తున్నాయి. సాలులో వేస్తే మొదటి గట్టి వానకే అవి కిందికి కొట్టుకుపోతాయి. రెండు ప్యాకెట్లలోనూ వాడిన సరుకులు ఒకటే కావచ్చు. వండిన తీరు ఒకటి కాదు. ఆ వండిన తీరును చెప్పేదే చర్యా వేగం.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ ఉత్తరం చదివే రైతుల కోసం, పిల్లల కోసం కొంచెం వివరంగా రాస్తాను. అక్రిలమైడ్, అక్రిలిక్ ఆమ్లం లాంటి నీళ్లలో కరిగే మోనోమర్లు తీసుకుంటారు. గొలుసుల మధ్య ముడులు వేసే ఇంకో పదార్థం చిటికెడు కలుపుతారు. పొటాషియం పర్‌సల్ఫేట్ లాంటి ప్రారంభకం వేస్తారు. అది విరిగి ఫ్రీ రాడికల్స్ ఇస్తుంది. ఒక రాడికల్ ఒక మోనోమర్‌ను పట్టుకుంటుంది, ఆ కొన ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అలా గొలుసు పెరుగుతుంది. రెండు పెరిగే కొనలు ఎదురుపడితే రెండూ ఆగిపోతాయి. 25 డిగ్రీల దగ్గర నీళ్లలో అక్రిలమైడ్‌కు డెయింటన్ బృందం కొలిచిన వ్యాప్తి స్థిరాంకం సుమారు 18,000. ఒక మోలార్ ద్రావణంలో ఒక్కో కొన సెకనుకు 18 వేల అణువులను చేర్చుకుంటుందన్నమాట. ఈ వాక్యం చదివేలోపు ఒక గొలుసు పుట్టి, పెరిగి, ఆగిపోయి ఉంటుంది.

ఇంత వేగంలో ఒక నియమం ఉంది. మొత్తం వేగం మోనోమర్ గాఢతను బట్టి నేరుగా పెరుగుతుంది, ప్రారంభకం గాఢతకు మాత్రం వర్గమూలంలో పెరుగుతుంది. పర్‌సల్ఫేట్‌ను నాలుగింతలు చేస్తే వేగం రెండింతలే అవుతుంది, గొలుసు పొడవు మాత్రం సగానికి పడిపోతుంది. తొందరగా సరుకు బయటికి రావాలని ప్రారంభకం దండిగా వేసినవాడికి బ్యాచ్ త్వరగానే దిగుతుంది. దిగేది పొట్టి గొలుసులు. పొట్టి గొలుసుల్లో చాలావాటికి ఒక్క ముడి కూడా పడదు. నా గ్లాసులో వేళ్లకు తగిలిన జిగురు అలాంటిదేనని నా అనుమానం.

వేడి సంగతి ఇంకా పెద్దది. ఒక మోల్ అక్రిలమైడ్ పాలిమర్‌గా మారితే సుమారు 82 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 20 శాతం ద్రావణాన్ని డ్రమ్ములో పోసి వదిలేస్తే, వేడి బయటికి పోయే దారి లేకపోతే, ఉష్ణోగ్రత 55 నుంచి 60 డిగ్రీలు పెరుగుతుంది. మా ఎండాకాలంలో 35 డిగ్రీల దగ్గర మొదలుపెడితే నీళ్లు మరిగే దగ్గరికి వెళ్లి ఆగుతుంది. పర్‌సల్ఫేట్ విరిగే వేగం 50 నుంచి 60 డిగ్రీలకు వెళితేనే నాలుగైదు రెట్లవుతుంది. వేడి వేగాన్ని పెంచుతుంది, వేగం వేడిని పెంచుతుంది. డ్రమ్ము నడుమ ఒక రకం జెల్, అంచున ఇంకో రకం జెల్ తయారవుతాయి. రెండూ ఒకే మిల్లులో పొడై ఒకే ప్యాకెట్లోకి వస్తాయి.

ఇక చర్య మధ్యలో ఆగిపోతే మిగిలిన మోనోమర్ మాటేమిటి? జెల్ ఎంత మంచిదైనా అక్రిలమైడ్ పొడి నరాలకు విషం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. తాగేనీటిలో లీటరుకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. పూర్తిగా పాలిమరైన జెల్‌తో ఆ భయం లేదు. పూర్తయిందో లేదో తెలియాలంటే చర్య ఎప్పుడు ఎంత దూరం వెళ్లిందో కొలిచి ఉండాలి. చూపుతో తెలిసేది కాదు. 90 శాతం దగ్గర ఆగిన జెల్, 99.9 శాతం వెళ్లిన జెల్ చేతిలో ఒకేలా ఉంటాయి.

కొలవడం అంత కష్టమా అంటే, కాదు. అదే నా మొర. డైలాటోమీటర్ అనేది ఒక గాజు బుడ్డి, దాని మీద సన్నని కేశనాళిక. అంతే. మోనోమర్ పాలిమర్‌గా మారినప్పుడు ద్రావణం ఘనపరిమాణం తగ్గుతుంది. కదిరి తేరు చూడ్డానికి వచ్చిన జనం ఎవరికి వారు నిలబడితే వీధి పట్టదు, అందరూ చేతులు పట్టుకుని వరుస కడితే ఖాళీ మిగులుతుంది. అణువులదీ అదే కథ. పది మిల్లీలీటర్ల బుడ్డి, మిల్లీమీటరు వ్యాసమున్న నాళిక తీసుకుంటే, ఒక మోలార్ అక్రిలమైడ్ పూర్తయ్యేసరికి నాళికలో మట్టం పది సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. నిమిషానికోసారి మట్టం రాసుకుని గ్రాఫ్ గీస్తే మొదటి వాలే వేగం. తిప్పలన్నీ ఆ బుడ్డిని ముంచి ఉంచే నీళ్ల తొట్టితో. అందులో వేడి డిగ్రీలో నూరో వంతు కూడా అటూ ఇటూ కాకూడదు, లేకపోతే ఆ పరికరం చర్యను వదిలేసి వేడిని చూపిస్తుంది.

అందులో పిల్లలు తప్పక నేర్చుకునేది ఇంకోటి ఉంది. సిద్ధం చేసిన ద్రావణాన్ని అలాగే తొట్టిలో పెడితే చాలాసేపు ఏమీ జరగదు. మట్టం కదలదు. పరికరం పాడైందనుకుంటారు. నిజానికి 30 డిగ్రీల దగ్గర నీళ్లలో లీటరుకు 7.5 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగి ఉంటుంది. పుట్టిన ప్రతి రాడికల్‌ను అది పట్టేస్తుంది. ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయ్యాకే గొలుసు మొదలవుతుంది. అందుకే ముందుగా అరగంటసేపు నైట్రోజన్ బుడగలు పంపాలి. కంపెనీ బ్యాచ్‌లలో తేడాలకు ఇదొక పెద్ద కారణం. సోమవారం వండినది, శుక్రవారం వండినది ఒకేలా ఉండకపోవడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు, ఒక్క వాల్వు కాస్త వదులైతే చాలు.

డైలాటోమీటర్ లేకపోతే బ్రోమిన్ ఉంది. కొంచెం ద్రావణం తీసి, చర్యను ఆపి, బ్రోమేట్–బ్రోమైడ్ మిశ్రమం పోసి, ఆమ్లం కలిపితే పుట్టే బ్రోమిన్ మిగిలిన మోనోమర్ ద్విబంధానికి అతుక్కుంటుంది. మిగిలిన బ్రోమిన్‌కు పొటాషియం అయొడైడ్ పోసి, విడుదలైన అయొడిన్‌ను హైపోతో, పిండి సూచికతో టైట్రేట్ చేస్తారు. ఆ బ్యూరెట్లు, ఆ హైపో, ఆ పిండి కదిరి డిగ్రీ కాలేజీతో సహా ఏ ప్రయోగశాలలోనైనా ఉన్నవే. పర్‌సల్ఫేట్ సీసా కూడా ఉంటుంది. పర్‌సల్ఫేట్, అయొడైడ్ చర్య వేగం కట్టే ప్రయోగం ఏళ్ల తరబడి చేయిస్తున్నాం కదా. అదే సీసా, పక్క బల్ల మీద ఇంకో ప్రయోగం. పరీక్షలో మన పిల్లలు ప్రారంభ దశ, వ్యాప్తి దశ, అంత్య దశ అని మూడు సమీకరణాలు రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. నాళికలో మట్టం దిగడం ఒక్కరూ చూసి ఉండరు.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. 1951లో జర్నల్ ఆఫ్ పాలిమర్ సైన్స్‌లో ఎం.జి. ఎవాన్స్, ఎం. శాంతప్ప, ఎన్. ఉరి పేర్లతో ఒక పరిశోధన వచ్చింది. నీళ్లలో వినైల్ సమ్మేళనాలు కాంతితో మొదలై ఎలా పాలిమర్లవుతాయో, ఫెర్రిక్ అయాను అందులో ఏం చేస్తుందో ఆ ముగ్గురూ వేగాలు కొలిచి తేల్చారు. నీళ్లలో ఫ్రీ రాడికల్ గొలుసులను లెక్కగట్టిన తొలి పనుల్లో అదొకటి. ఆ శాంతప్ప గారే, ముషి శాంతప్ప, మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చి శిష్యులతో కలిసి సీరిక్ లాంటి లోహ అయాన్లతో ఇదే రకం చర్యల వేగాలను ఏళ్ల తరబడి కొలిచారు. 1967లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థకు డైరెక్టరయ్యారు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. మీ విశ్వవిద్యాలయం 1968లో ఆ తిరుపతి చెట్టుకు కొమ్మగా, పీజీ కేంద్రంగానే మొదలైంది. అంటే మీ కుర్చీకి ఈ బుడ్డితో, నాళికతో దూరపు చుట్టరికం ఉన్నట్టే.

దగ్గరి చుట్టరికమూ ఉంది. 2001లో పాలిమర్ ఇంటర్నేషనల్‌లో మీ పాలిమర్ విభాగం నుంచి ఆచార్య కె. మోహన రాజు బృందం వేసిన పత్రానికి శీర్షికలోనే వ్యవసాయం, ఉద్యానం అన్న మాటలున్నాయి. అమితంగా నీళ్లు పీల్చే కోపాలిమర్లు దాని విషయం. 2005లో అక్రిలమైడ్, సోడియం మెథాక్రిలేట్ కలిపి చేసిన జెల్‌ల మీద వై. మురళీ మోహన్, పి.ఎస్. కేశవ మూర్తి గార్లతో కలిసి ఇంకో పత్రం వచ్చింది. ప్రారంభకం ఎంత వేస్తే, ముడి పదార్థం ఎంత వేస్తే ఉబ్బు ఎలా మారుతుందో చూడడమే దాని పని. నేను పైన రెండు ప్యాకెట్ల గురించి అడుగుతున్న ప్రశ్న అదే. అనంతపురంలోనే ఆ ప్రశ్న వేసుకుని, కొలిచి, ప్రపంచానికి చెప్పినవాళ్లున్నారు. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చింది, విదేశాల్లో చదివారు. గాండ్లపెంట ఎరువుల అంగడికి మాత్రం అది ఇంకా చేరలేదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. పత్రం రాసినవాడి పని అక్కడితో అయిపోతుంది. దాన్ని చేనికి తేవడం సంస్థల పని.

పాత పత్రాలు ఉన్నాయి కదా, ఆ అంకెలే వాడుకుంటే పోలా అని ఎవరైనా అనవచ్చు. పోదు. నీళ్లలో కరిగే మోనోమర్లకు ఒక తిక్క ఉంది. మామూలుగా వ్యాప్తి స్థిరాంకం అంటే పేరుకు తగ్గట్టు స్థిరంగా ఉండాలి. జర్మనీలో గొట్టింగెన్, స్లొవేకియాలో బ్రాటిస్లావా బృందాలు లేజర్ మెరుపులతో గొలుసులను మొదలుపెట్టి, ఆపి, వాటి పొడవును బట్టి వేగం కట్టే పద్ధతిలో మెథాక్రిలిక్ ఆమ్లాన్ని కొలిచాయి. నీళ్లు కలపని ఆమ్లంలో కన్నా బాగా పలచని ద్రావణంలో ఆ స్థిరాంకం దాదాపు పది రెట్లు ఎక్కువని తేలింది. నీళ్లు పక్కన నిలబడి చూసేవి కావు, పెరిగే కొన చుట్టూ చేరి దాని కదలికనే మారుస్తాయి. అదే ఆమ్లాన్ని సోడాతో తటస్థం చేస్తే, ఒకే ఆవేశమున్న కొన, మోనోమర్ ఒకదాన్నొకటి తోసుకుని వేగం మళ్లీ తగ్గుతుంది. కాబట్టి గాఢత మారినా, సోడా పాలు మారినా, ఉష్ణోగ్రత మారినా మళ్లీ కొలవాల్సిందే. 25 డిగ్రీల పుస్తకపు అంకె మన 38 డిగ్రీల షెడ్డుకు పనికిరాదు.

అయ్యా, నేను అడిగేవి పెద్దవి కావు. మీ పరిధిలోని డిగ్రీ కాలేజీల ప్రాక్టికల్స్‌లో ఈ వేగ ప్రయోగం ఒకటి పెట్టించండి. అక్రిలమైడ్ పొడిని పిల్లల చేతికి ఇవ్వవద్దు, అది చర్మం గుండా కూడా లోపలికి వెళుతుంది. వినైల్ పైరోలిడోన్ లాంటి ఇంకో మోనోమర్‌తో, గ్లోవ్స్‌తో, ఒక అధ్యాపకుడు దగ్గరుండి చేయిస్తే సరిపోతుంది. డైలాటోమీటర్లు కొనక్కర్లేదు, గాజు ఊదేవాళ్లతో చేయించుకోవచ్చు. అదీ కుదరని చోట ఒక థర్మాస్ ఫ్లాస్క్, ఒక థర్మామీటర్, ఒక గడియారం చాలు. వేడి ఎక్కే తీరును బట్టి వేగం చెప్పొచ్చు. ఖచ్చితత్వం తక్కువే, కానీ డ్రమ్ములో ఏం జరుగుతుందో కళ్లకు కట్టేది అదే.

ఇంకో పని మీ పాలిమర్ విభాగానికి. అంగట్లో దొరికే హైడ్రోజెల్‌లను పేర్లు కప్పేసి తెచ్చుకోండి. ఎంత శాతం గొలుసులు వలకు కట్టుబడ్డాయి, ఎంత మోనోమర్ మిగిలింది, మట్టి బరువు కింద నొక్కినప్పుడు ఎంత ఉబ్బుతుంది, పదిసార్లు ఎండబెట్టి తడిపితే ఎంత మిగులుతుంది అన్నవి కొలవండి. డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, మా మండలాల బోరు నీళ్లతో ఒకసారి. ఆ అంకెలను తెలుగులో ఒక కాగితం మీద వేసి రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించండి. మంచి సరుకు చేసే కంపెనీకి దీనివల్ల మేలే గానీ కీడు లేదు.

కదిరిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి రకాలు ఇచ్చింది వాళ్లే. బెట్టకు ఓర్చే శెనక్కాయ అంటే ఏమిటో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మీ ప్రయోగశాలలో వేగం కొలిచి వండిన జెల్‌ను వాళ్ల ఎర్రనేలలో, వాళ్ల సాళ్లలో, జెల్ వేయని సాళ్ల పక్కనే వేసి చూడొచ్చు. మీ విశ్వవిద్యాలయానికీ, ఆ కేంద్రాన్ని నడిపే వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక ఉత్తరం నడిస్తే అయ్యే పని. దిగుబడి పెరగలేదని తేలినా పరవాలేదు. ఆ మాటైనా మాకు చెబితే ఎకరాకు జెల్ కొనే డబ్బు మిగులుతుంది.

గాండ్లపెంట నుంచి, కదిరి నుంచి, నంబులపూలకుంట నుంచి బోరు నీళ్ల సీసాలు నేను, నా పాత విద్యార్థులు పట్టుకొచ్చి ఇస్తాం. ఏ బోరువో, ఎంత లోతువో రాసి మరీ ఇస్తాం. వచ్చే ఖరీఫ్‌లో పదునొచ్చి గొర్రు కట్టేలోపు ఆ కొలతల కాగితం మాకు అందేలా చూడండి.

ఇట్లు,
గాండ్లపెంట నుంచి
ఒక రిటైర్డ్ రసాయన శాస్త్ర అధ్యాపకుడు